గాజుగదిలో గాలిమీటరు

తుమ్మలదిన్నె దగ్గర హైవే నాలుగు కిలోమీటర్ల మేర ఎడారిలో పోతుంది. మన రాష్ట్రంలో ఎడారేమిటని అడిగేవాళ్ళు ఆషాఢంలో ఒకసారి అక్కడికి వెళ్ళి, బస్సు దిగి, నోరు తెరిచి ఆ ప్రశ్న అడగాలి. నోరు మూసేసరికి జవాబు పళ్ళ కింద కరకరలాడుతుంది. ఎండిపోయిన ఏటి ఇసుకంతా ఎన్నేళ్ళ నుంచో గాలికి ఒడ్డెక్కి మిట్టలు మిట్టలుగా పేరుకుంది. గాలి లేచినప్పుడల్లా ఆ మిట్టలు రోడ్డు దాటి అవతలి చేలల్లోకి పోతుంటాయి. అవి దాటే వేళ లారీ డ్రైవరుకు తన బానెట్టు తనకే కనిపించదు.

ఆ నాలుగు కిలోమీటర్లకూ వన్నూరప్ప దిక్కు. రోడ్ల శాఖలో గ్యాంగ్ కూలీ. గుంతలు పూడ్చడం అతని ఉద్యోగం, బండ్లు ఆపడం అతని అలవాటు. రోజూ మధ్యాహ్నం మూడు దాటాక దిన్నె మొదట్లో నిలబడి, దూరాన రెండో మిట్ట మీద మిగిలిన ఒంటి తుమ్మచెట్టు వైపు చూస్తాడు. చెట్టు కనిపిస్తే సరే. కనిపించకపోతే కర్రకు కట్టిన ఎర్రగుడ్డ ఎత్తి రోడ్డుకు అడ్డం పడతాడు. ఒక్క ఫోను కొడితే అవతలి కొసన టీకొట్టు లాలెమ్మ కూడా ఎర్ర తువ్వాలు పట్టుకుని రోడ్డెక్కుతుంది. చెట్టు మళ్ళీ కనిపించేదాకా బండ్లన్నీ బారులు తీరి ఉండాల్సిందే. తిట్టేవాళ్ళు తిడతారు, టీ తాగేవాళ్ళు తాగుతారు. ఇరవై రెండేళ్ళలో ఆ దిన్నె మీద ఒక బండి ఇంకో బండికి తగిలింది లేదు.

నాలుగు గంటల బస్సు విషయంలో మాత్రం వన్నూరప్ప మరీ జాగ్రత్తగా ఉండేవాడు. టౌన్లో ఇంటర్ చదివే అతని కూతురు రేణుక ఆ బస్సులోనే ఇంటికి వస్తుంది. కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయొచ్చే ముసలివాళ్ళు, అంతా కలిసి అరవై మందికి తక్కువ ఉండరు. నడిపే దస్తగిరి కళ్ళు మంచివే గానీ, ఇసుకలో ఎవరి కళ్ళయినా ఒకటే.

ఇంత సవ్యంగా సాగుతున్న పనిలో లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి చదువుకున్నవాడు కావాలి. ఆ ఏడు చిదంబరరావు గారు ఇంజనీరుగా బదిలీ అయి వచ్చారు. మొదటి వారమే జీపు దిగి, ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడ్డ వన్నూరప్పను ఎగాదిగా చూశారు.

"ఇక్కడ నువ్వేం చేస్తుంటావయ్యా?"

"గాలి లేస్తే బండ్లు నిలబెడతా సార్."

"దేనికి?"

"గుద్దుకుంటాయి గదా సార్."

"గుద్దుకున్నట్టు రికార్డేదీ? ఫైళ్ళన్నీ చూశాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క ప్రమాదం లేదు. ప్రమాదమే లేని చోట ప్రమాద నివారణ చర్యలు చేపట్టడాన్ని ఏమంటారో తెలుసా? మానవ వనరుల దుర్వినియోగం అంటారు."

"నేను నిలబెడతాండానని గదా సార్ గుద్దుకోకుండా ఉండేది?"

"అది నీ అభిప్రాయం. నాకు డేటా కావాలి. గాలి ఎంత వేగంలో ఉన్నప్పుడు ఆపుతున్నావు?"

"అదో, ఆ చెట్టు కనపడకపోతే ఆపుతా."

చిదంబరరావు గారు చెట్టు వైపు చూశారు. "ఆ చెట్టును చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు?"

వన్నూరప్ప కూడా చెట్టు వైపు చూశాడు. "మేకలు తినిపోతాంటాయి సార్. తనికీ అంటే అంతే."

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. విషయం: రహదారులపై వాయువేగ నిర్ధారణ, వృక్షాధారిత పద్ధతి రద్దు, యాంత్రిక పద్ధతి ప్రవేశపెట్టుట గురించి. ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇకపై గాలి వేగం గంటకు నలభై కిలోమీటర్లు దాటినట్టు ప్రభుత్వ యంత్రం నిర్ధారించిన మీదటనే వాహనములను ఆపవలెను. యంత్రం నిర్ధారించని గాలిని గాలిగా పరిగణించరాదు. సదరు గాలికి వాహనములను ఆపు సిబ్బందిపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును.

యంత్రం వచ్చింది. మూడు చిన్న గిన్నెలు కడ్డీ మీద గిరగిరా తిరిగేది. శాస్త్రీయంగా ఉండాలని దాన్ని దిన్నెకు సరిగ్గా నడిమధ్యన, రెండు కొసలకూ రెండేసి కిలోమీటర్ల దూరంలో నాటారు. అంకె నలభై దాటితే చాలు, రెండు కొసలనా ఎర్రదీపాలు వాటంతటవే వెలుగుతాయి, సైరను మోగుతుంది. వన్నూరప్ప కూడా ముచ్చటపడ్డాడు. మొదటి గాలికి గిన్నెలు తిరిగి అరవై రెండు చూపించాయి. దీపాలు వెలిగాయి. బండ్లు ఆగాయి. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, "మంచిదేనమ్మా, మనిషి ల్యాకున్నా బస్సు ఆగుతాది" అని కూతురితో చెప్పాడు.

నాలుగో రోజుకు గిన్నెల్లో ఇసుక పడి యంత్రం బిగుసుకుపోయింది. బాగు చేయించి పెట్టారు. మళ్ళీ బిగుసుకుంది. మూడోసారి ఒక గిన్నె ఊడి ఎటు ఎగిరిపోయిందో దొరకలేదు. పైనుంచి సంజాయిషీ అడుగుతూ లేఖ వచ్చింది: ప్రభుత్వ యంత్రం పదే పదే చెడుటకు కారణమేమి? చిదంబరరావు గారు సూటిగా జవాబు రాశారు: గాలి. దానికి మరో జవాబు: అటులైన యెడల సదరు యంత్రమునకు గాలి తగలకుండ తక్షణ రక్షణ కల్పించి, రక్షణ కల్పించినట్లు ఫొటోలు జతపరచవలెను.

పొరపాటుగా అర్థం చేసుకునే మనిషి కారు చిదంబరరావు గారు. గాలిమీటరు చుట్టూ నాలుగు వైపులా మందపాటి గాజుతో గది కట్టించారు. సందుల్లో రబ్బరు కూర్పించారు. చీమ కూడా లోపలికి పోవాలంటే తలుపు తట్టాల్సిందే. గదిలోపల మీటరు కొత్త పెళ్ళికొడుకులా తళతళలాడుతూ కూర్చుంది. అంకె సున్న. ఆ రోజూ సున్న, మర్నాడూ సున్న. ఫొటోలు జతచేశారు.

"ఇన్నేళ్ళుగా గాలి గాలి అని ఊదరగొట్టారు," అన్నారు చిదంబరరావు గారు తృప్తిగా. "శాస్త్రం వచ్చాక అసలు సంగతి తేలింది."

వన్నూరప్ప చేతిలో ఎర్రగుడ్డ తీసుకుని రిజిస్టరు పెట్టారు. అతని హోదా ఇప్పుడు పవన పర్యవేక్షక సహాయకుడు. గాజుగదిలో కూర్చుని గంటగంటకూ మీటరు చూసి అంకె వేయాలి. గోడకు నిబంధనలు అంటించారు. వాటిలో ముఖ్యమైనది, బయట గాలి ఉన్నప్పుడు తలుపు తెరవరాదు. తెరిస్తే గాలి లోపలికి వచ్చి కృత్రిమ రీడింగు నమోదవుతుందని చిదంబరరావు గారి భయం.

అలా వన్నూరప్ప మూడు నెలల పాటు సున్నలు చుట్టాడు. మధ్యాహ్నం మూడు దాటాక గాజు బయట లోకమంతా ఎర్రబడేది. ఇసుక గాజును గోకేది. కొన్నాళ్ళకు గాజు గరుకెక్కి, అవతలున్నది చెట్టో మనిషో తెలియకుండా పోయింది. అతను నాలుగుంబావు దాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. బస్సు హారను దిన్నె దాటిపోయినట్టు వినిపిస్తే అప్పుడు రిజిస్టరు తెరిచి సున్న వేసేవాడు. ఇరవై రెండేళ్ళు ఎండలో నిలబడితే రాని నీరసం, నీడలో కూర్చున్న ఈ మూడు నెలల్లో వచ్చింది.

ఒకనాడు హారను బదులు దబ్బుమని చప్పుడు వినిపించింది. ఉల్లిగడ్డల లారీ ఒకటి, ముందు పోతున్న వ్యాను, దాని ముందు ఒక ట్రాక్టరు. లారీ డ్రైవరుకు కాలు విరిగింది. దిన్నె మీద మొదటి ప్రమాదం కాబట్టి చిదంబరరావు గారే స్వయంగా ఆసుపత్రికి వెళ్ళి వాంగ్మూలం తీసుకున్నారు.

"ఆ సమయంలో గాలి వేగం సున్న. మరి ఎందుకు గుద్దావు?"

"సున్న ఏంది సార్! కండ్లల్లో దుమ్ము కొట్టింది. కండ్లు మూసుకుంటి."

"కళ్ళు మూసుకున్నావా?"

"మూసుకోకుండా యట్లుంటారు సార్?"

చిదంబరరావు గారు రాసుకున్నారు: తాను కళ్ళు మూసుకుని వాహనం నడిపినట్లు డ్రైవరు స్వయంగా అంగీకరించినాడు. ఫైలు ముగిసింది. హైవే పక్కన కొత్త బోర్డు లేచింది: కళ్ళు తెరిచి నడపండి.

ఆ రాత్రి వన్నూరప్ప అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "సున్న రాసింది నేనే గదమ్మా" అన్నాడు. రేణుక కంచం మీద మూత పెట్టింది. రేపటి నుంచి బస్సు దిన్నె ఎక్కగానే దస్తగిరి పక్కన నిలబడి తానూ రోడ్డు చూస్తానంది. ఆ మాటతో అతని భయం రెండింతలైంది.

ఇక సున్నలు ఊరికే పోతాయా? తొంభై రోజులు వరసగా గాలి లేని రహదారి దేశంలో మరొకటి లేదని ఎవరో లెక్కతీశారు. తుమ్మలదిన్నెను పవనరహిత రహదారిగా ప్రకటించాలని నిర్ణయమైంది. మంత్రిగారే వచ్చి గాజుగది ముందు శిలాఫలకం ఆవిష్కరిస్తారు. హైవే అందంగా కనిపించాలని లాలెమ్మ టీకొట్టు పీకేశారు. ఎర్ర తువ్వాలుతో రోడ్డెక్కే చివరి మనిషి కూడా అలా పోయింది.

సభ మధ్యాహ్నం మూడున్నరకు. పొద్దున్నే షామియానా వేశారు. గాజుగదిలో ఉక్కపోతకు మంత్రిగారు తట్టుకోలేరని షామియానా వాళ్ళ దగ్గరున్న నిలువెత్తు ఫ్యాను తెచ్చి లోపల పెట్టారు. పెళ్ళిళ్ళలో మూడో బంతి దాకా విస్తళ్ళు ఎగరగొట్టే రకం. మంత్రిగారు కూర్చున్నప్పుడు ఫ్యాను గాలి మీటరుకు తగలకూడదని చిదంబరరావు గారు మీటరు మీద ఒక పట్టుశాలువా కప్పించారు. సన్మానం జరిగినట్టుందని ఆయనే మురిసిపోయారు.

మూడుంబావుకు షామియానా లేచిపోయింది.

"కట్టినవాళ్ళ నిర్లక్ష్యం," అన్నారు చిదంబరరావు గారు. కుర్చీలు ఒకదాని వెంట ఒకటి ఏటివైపు దొర్లుకుంటూ పోయాయి. "ప్లాస్టిక్ నాసిరకం." శిలాఫలకం మీది గుడ్డ మంత్రిగారు రాకముందే తొలగిపోయి, 'పవనరహిత' అన్న అక్షరాల్లో ఇసుక నిండింది. దానికి ఆయన ఏదో అనబోయారు గానీ నోట్లో దుమ్ము పడింది. పరుగెత్తుకొచ్చి గాజుగదిలో దూరి తలుపు బిగించారు. లోపల వన్నూరప్ప రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నాడు. గోడగడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"సార్, బస్సు వచ్చే పొద్దయ్యింది. దీపాలు ఎయ్యండి."

"దీపాలు మన చేతిలో లేవయ్యా. నలభై దాటితే వాటంతటవే వెలుగుతాయి. మీటరు ఎంత చూపిస్తోంది?"

"సున్న."

"మరి?"

"సార్, బయట సూడండి సార్!"

"బయట చూసి నిర్ణయాలు తీసుకునే రోజులు పోయాయి వన్నూరప్పా."

వన్నూరప్ప ఫోను తీశాడు. కాలేజీలో ఒప్పుకోరని రేణుక దగ్గర ఫోను ఉండదు. దస్తగిరి స్టీరింగు పట్టుకున్నాక ఫోనెత్తే మనిషి కాదు, మంచి డ్రైవరు కావడమే ఆ రోజు అతని తప్పయింది. వన్నూరప్ప తలుపు దగ్గరికి పోయాడు. రెండు కిలోమీటర్లు. ఎదురుగాలిలో, కళ్ళు కనపడని ఇసుకలో, యాభై ఏళ్ళ కాళ్ళతో పది నిమిషాల్లో చేరలేడు. అతనికి ఏడుపొచ్చింది.

"తలుపు తెరవకు!" అని అరిచారు చిదంబరరావు గారు. "కృత్రిమ రీడింగు వస్తుంది!"

వన్నూరప్ప చేయి గడియ మీదే ఆగిపోయింది. వెనక్కి తిరిగాడు. శాలువా కప్పుకున్న మీటరును చూశాడు. దాని పక్కన నిలువెత్తు ఫ్యాను చూశాడు. రెండంగల్లో పోయి శాలువా లాగి పారేశాడు. ఫ్యాన్ను ఈడ్చుకొచ్చి గిన్నెలకు ఎదురుగా పెట్టి, స్విచ్చు చివరిదాకా తిప్పాడు.

మూడు నెలలుగా కదలని గిన్నెలు మొదట మొరాయించాయి. తర్వాత కీచుమన్నాయి. పన్నెండు, ఇరవై, ముప్ఫై ఒకటి. రిజిస్టరు కాగితాలు గదంతా ఎగిరాయి. వన్నూరప్ప ఫ్యాన్ను గుండెలకు ఆనించుకుని ఇంకా ముందుకు నెట్టాడు. ముప్ఫై ఎనిమిది. నలభై మూడు.

సైరను మోగింది.

"ఆపు! ఆపవయ్యా దాన్ని!" చిదంబరరావు గారు ప్లగ్గు కోసం కుర్చీల కింద పాకుతున్నారు.

"యట్ల ఆపేది సార్? యంత్రం నిర్ధారించిండాది గదా." వన్నూరప్ప ప్లగ్గు మీద కాలు వేసి నిలబడ్డాడు. "నలభై మూడు. రాసుకోండి సార్, నాకు చెయ్యి ఖాళీ ల్యాదు."

ముప్పావు గంట అలాగే నిలబడ్డాడు. గాలి తగ్గాక గాజు బయట రంగు మారింది. ఫ్యాను కట్టేసి, తలుపు తీసుకుని అతను టౌను వైపు నడిచాడు. కిలోమీటరు పోయేసరికి కడపరాళ్ళ లారీ ఒకటి రోడ్డు మధ్యన ఆగి కనిపించింది. గాలి ముదరకముందే దిన్నెక్కి, దారి తెలియక నిలిచిపోయిందట. వెనక తలుపు దాటి మూరెడు పొడవున రాతిపలకల అంచులు బయటికి ఉన్నాయి, సరిగ్గా బస్సు అద్దం ఎత్తుకు. ఎర్రదీపం దగ్గర నుంచి నెమ్మదిగా వచ్చిన దస్తగిరి బస్సు దాని వెనకే ఆపి దిగాడు. ఒక పలక అంచు మీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత బస్సు ముందద్దం వైపు చూశాడు. అద్దం వెనక తన సీటుకు పక్కనే రేణుక నిలబడి ఉంది.

"అన్నా," అన్నాడు దస్తగిరి. వన్నూరప్ప రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

మంత్రిగారి కాన్వాయ్ అవతలి కొసన ఎర్రదీపం దగ్గర ముప్పావు గంట ఆగి, అటునుంచి అటే వెనక్కి వెళ్ళిపోయింది. పవనరహిత రహదారి మీద గాలి ఉందని మంత్రిని ఆపింది ఎవరు? విచారణకు ఒక అధికారి వచ్చారు. అందరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. ఆయన నివేదిక నలభై పేజీలు, సారాంశం చిన్నది. ఆ రోజు తుమ్మలదిన్నె పరిసరాల్లో గాలికి ఆధారం ఒక్కటే, అది గాజుగదిలో ఉన్న ఫ్యాను. షామియానా కూలుట, కుర్చీలు కొట్టుకుపోవుట, నాలుగు కిలోమీటర్ల మేర దుమ్ము లేచుట, ఇవన్నీ సదరు ఫ్యాను మితిమీరిన వేగంతో నడుపుట వలన సంభవించినవి. ఫ్యానుకు లక్క సీలు వేసి గోదాములో బంధించారు. గాలి పుట్టించిన నేరానికి వన్నూరప్పను సస్పెండ్ చేశారు. మీటరు మళ్ళీ సున్నకు వచ్చింది. శాలువా మళ్ళీ కప్పారు.

సస్పెన్షన్ కాగితం ఇచ్చిన మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకు వన్నూరప్ప దిన్నె మొదట్లో ఉన్నాడు. చేతిలో ఎర్రగుడ్డ, అది శాఖవాళ్ళది కాదు, రేణుక పాత లంగా చింపి కట్టింది. ప్రభుత్వ సిబ్బంది బండ్లు ఆపకూడదని ఉత్తర్వులో ఉంది గానీ, ఉద్యోగం లేనివాడు ఆపకూడదని లేదు. అవతలి కొసన లాలెమ్మ చెట్టుకింద పొయ్యి పెట్టుకుని తువ్వాలు భుజాన వేసుకుంది.

ఇరవై రోజుల తర్వాత ఒకనాడు ఎన్నడూ లేనంత గాలి వచ్చింది. తుమ్మచెట్టు మాయమైంది. ఎర్రగుడ్డ లేచింది. దస్తగిరి బస్సు ఆపి, ఇంజను కట్టేసి, బీడీ వెలిగించబోయి అగ్గి నిలవక మానుకున్నాడు. వెనక లారీలు ఆగాయి. రేణుక కిటికీలోంచి నీళ్ళసీసా అందించింది. కాసేపటికి బారు పక్కనుంచి హారను కొట్టుకుంటూ శాఖ జీపు ఒకటి ముందుకొచ్చి ఎర్రగుడ్డ ముందు ఆగింది. అద్దం నాలుగు వేళ్ళంత దిగింది. లోపల చిదంబరరావు గారు, ఒడిలో ఆ నెల నివేదిక. ఆయనకు దిన్నె అవతల మీటింగు ఉంది.

"ఎందుకాపావు?" అన్నారు. "గాలి ఏమైనా ఉందా?"

వన్నూరప్ప మొహం మీద తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఎర్రగుడ్డ దించి, రెండడుగులు పక్కకు జరిగి, జీపుకు దారి ఇచ్చాడు.

"ల్యాదు సార్. సున్న. మీరు పోవచ్చు."

చిదంబరరావు గారు ముందుకు చూశారు. జీపు ముందు రోడ్డు లేదు, దిన్నె లేదు, ఎర్రటి గోడ ఒకటి ఉంది. ఆయన డ్రైవరు ఆయన వైపు చూశాడు. బస్సు కిటికీల్లో అరవై మొహాలు చూస్తున్నాయి.

అద్దం పైకి పోయింది. చెట్టు మళ్ళీ కనిపించేదాకా, గంటా పది నిమిషాల పాటు, జీపు బస్సు పక్కనే ఆగి ఉంది.